గంటె కింద పెట్టిన రోజు

హాస్టల్ మెస్సుల్లో వంటకు కుదిరే ఆడవాళ్లకు పని ఎలా చేయాలో చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. పని ఎలా మానేయాలో చెప్పేవాళ్లు ఉండరు. నాకూ ఎవరూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను. కోపం చల్లారాక రాద్దామని చాన్నాళ్లు ఆగాను. అది చల్లారేది కాదని తెలిశాక మొదలుపెట్టాను.

నా పేరు బాలమణి. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్ మెస్‌లో మొదట గిన్నెలు తోమాను, తర్వాత బియ్యం ఏరాను, ఆఖరుకు పెద్దవంట చేశాను. ఏ హాస్టలో చెప్పను. ఆ మెస్‌ను నడిపింది కాంట్రాక్టరు, అతని తరఫున పెత్తనం చేసింది మేనేజరు. చదువు చెప్పేవాళ్లకు మా వంటింటి సంగతులేవీ తెలియవు. తెలుసుకోవాలని వాళ్లకూ అనిపించలేదు, అది వేరే మాట.

పని

మెస్ వంట అంటే ఇంటి వంటను పెద్ద గిన్నెలో చేయడం అనుకుని వస్తారు కొత్తవాళ్లు. కాదు. ఇంట్లో పప్పు ఉడకకపోతే ఇంకో పావుగంట ఆగమంటాం. మెస్‌లో తలుపు తీసే వేళకు అన్నం, పప్పు, కూర బల్ల మీద ఉండాల్సిందే. కంచాలు పట్టుకుని నిలబడ్డ వందలమంది ఆడపిల్లలకు సాకులు చెప్పి చూడండి, తెలుస్తుంది.

గంజి వార్చేటప్పుడు ఆవిరి మొహాన కొడుతుంది. చున్నీ, కొంగు, పైట, ఏదైనా సరే నడుముకు బిగించి కట్టుకోండి. పెద్ద పొయ్యి, అదే బట్టీ, దగ్గర తడి నేల మీద రబ్బరు చెప్పులతో నిలబడకండి. మోకాళ్లు ముందు పోతాయి, ఆ తర్వాత భుజం. భుజం పోయేది పప్పు కలపడం వల్ల. పప్పును పైపైన కలిపితే అడుగంటుతుంది. అడుగు తగిలేలా తిప్పాలి, తిప్పుతూనే ఉండాలి.

పిల్లల సంగతి. పప్పు బాగాలేదని మొహం మీద చెప్పే పిల్లను ఎప్పుడూ తిట్టుకోకండి. మన వంట గురించి నిజం చెప్పేది ఆ పిల్ల ఒక్కతే. మీ చేతి వంట అమృతం అనేవాళ్ల దగ్గర మాత్రం జాగ్రత్త. పిల్లలు అంటే పర్వాలేదు. మేనేజర్లు అంటే మాత్రం వాళ్ల మనసులో ఇంకేదో ఉందని అర్థం.

గంటె

నాకు పని నేర్పింది యాదగిరి మాస్టర్. మంచి పనివాడు, నోరు చెడ్డది. ఉప్పు చూడటానికి నాలుక కాదు ముక్కు వాడమనేవాడు. ఉడుకుతున్న పులుసు వాసన చూసి ఉప్పు తక్కువైందో లేదో చెప్పేవాడు. నాకు ఆ విద్య ఎప్పటికీ రాలేదు. నేను నాలుకతోనే చూశాను.

మా మెస్‌లో పప్పుకు ఒక గంటె ఉండేది. మోచేతి కంటే పొడుగు, ఇనుప కాడ, అరిగి అరిగి ఒక పక్క పల్చబడిన నోరు. మాస్టర్ పని మానేసిన రోజు, మధ్యాహ్నం వడ్డన అయ్యాక ఆ గంటె కడిగి, నా చేతిలో పెట్టి, "ఇగ నీదే బాలమణీ" అని వెళ్లిపోయాడు. వంటింట్లో అందరూ చూశారు. ఆ రాత్రి పప్పు నేనే చేశాను. అప్పటినుంచి మాకు అదొక రివాజు అయిపోయింది. పెద్దవంట చేసే మనిషి పోవాలంటే గంటెను ఇంకో మనిషి చేతికి ఇచ్చి పోవాలి. కింద పెట్టి పోతే అన్నం మీద అలిగి పోయినట్టు. కంచంలో అన్నం వదిలేసి లేస్తేనే మా ఇళ్లలో తిట్లు పడతాయి. అన్నం మీద అలిగి పోతే ఇంకేమైనా ఉందా? ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేకుండానే నమ్మేశాం.

కూరగాయలు కోసే మంగమ్మ ఈ మాట నాకంటే గట్టిగా నమ్మేది. చాలా ఏళ్లు నా పక్కనే పీట వేసుకుని ఉల్లిగడ్డలు కోసింది. మా వంటింట్లో కోత చేయి కోతదే, బట్టీ చేయి బట్టీదే. కోతకు వచ్చినవాళ్లు బట్టీ దగ్గరికి రారు. అది కూడా ఎవరూ పెట్టని రూలే.

కొన్నాళ్లకు మేనేజరుగా నర్సింగరావు వచ్చాడు. నాకంటే బాగా చిన్నవాడు. వచ్చిన వారంలోనే గంటె కథ మా నోటితోనే విన్నాడు. నవ్వలేదు. తల ఊపి, "మంచి రివాజు" అన్నాడు. ఆ రోజే అనుమానపడి ఉండాల్సింది.

మెనూ బోర్డు

నేను అక్షరాలు నేర్చుకున్నది ఆ మెస్ మెట్ల మీదే. పిహెచ్‌డి చేసే శ్రావణి అనే అమ్మాయి ఉండేది. వాళ్ల అమ్మానాన్నలు ఆంధ్రా వైపు నుంచి ఎప్పుడో వచ్చి సిటీలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ల్యాబ్ నుంచి వడ్డన అయిపోయాక వచ్చేది. "ఆంటీ, ఏమైనా మిగిలిందా అండీ?" అని తలుపు పక్కనుంచి తొంగి చూసేది. నేను తీసి ఉంచేదాన్ని. తింటూ తింటూ మెనూ బోర్డు మీది మాటలు వేలు పెట్టి చదివించేది. నా వయసు వాళ్లు కొందరు పింఛను కాగితాల మీద సంతకం పెట్టడానికి నేర్చుకుంటారు. నేను మాత్రం రేపు ఏం వండాలో ఇంకొకరిని అడగకుండా ఉండటానికి నేర్చుకున్నాను.

ఎందుకు చెబుతున్నానంటే, రాజీనామా నేనే రాశాను. నా జీవితంలో మొదటి ఉత్తరం అదే.

ములిగీ

అండాలు మా ఆయన చెల్లెలు. తార్నాకలో ఉంటుంది. మా ఆయన పోయాక నాకు తోడబుట్టినదానికంటే ఎక్కువ. ఒక ఉగాది తర్వాత వచ్చి చెప్పింది. వాళ్ల గల్లీ మొదట్లో ఒక ములిగీ, అదే షాపు గది, ఖాళీ అయింది. బస్సు దిగి ఇళ్లకు పోయేవాళ్లందరూ దాని ముందు నుంచే నడుస్తారు. అక్కడ కర్రీ పాయింట్ పెడదాం అంది.

"నేనొక్కదాన్నే చెయ్యలేను వదినా. నువ్వొస్తనంటే తీస్త. రాకుంటే వద్దు."

"వస్త" అన్నాను.

"ఓనర్ దసరా దాకా ఆగుతనన్నడు. ఆ తర్వాత జిరాక్స్ వాళ్లకిస్తడట. మల్ల నాకు మాట రానియ్యకు."

యాభై ఏళ్లు దాటిన మనిషికి ఇంకొకరి వంటింట్లో కాక తన సొంత బట్టీ ముందు నిలబడే వీలు ఒక్కసారి వస్తే వస్తుంది. మళ్లీ రాదు. నాకు కావలసింది అంతే. దసరా లోపల నన్ను వదిలిపెట్టాలి.

అక్కా

నర్సింగరావు నా ఉత్తరం తీసుకున్నాడు. చదివాడు. "గుండ్రంగ రాసినవ్ అక్కా, ముత్యాలే" అన్నాడు. మడిచి టేబుల్ అద్దం కింద పెట్టాడు.

మిగిలినవాళ్లను పేరు పెట్టి అరిచే మనిషి నన్ను మాత్రం అక్కా అనేవాడు. అప్పటికి అది గౌరవం అనుకున్నాను. మీకు ఒక మాట చెబుతాను, గుర్తుపెట్టుకోండి. పైవాడు మిమ్మల్ని అక్కా అన్నాడంటే, మీరు నోరు తెరిచి అడగాల్సిన రోజు ఒకటి వస్తుందని అతనికి ముందే తెలుసు. ఆ రోజు మీ నోరు లేవకుండా ఇప్పటినుంచే కుట్టుకుంటూ వస్తాడు.

మొదట, పెద్ద తనిఖీ ఉంది, అది అయ్యేదాకా ఉండమన్నాడు. ఉన్నాను. తర్వాత పరీక్షలు. "పిల్లలు చదువుకునే టైంల కొత్త చెయ్యి పెడితె కడుపులు కరాబైతయి. పాపం నీకే తగుల్తది అక్కా." ఉన్నాను. ఆ తర్వాత అడిగితే, "పో అక్కా, నేనేమన్న అన్ననా? గంటె ఎవరికిస్తవో చెప్పు, ఇచ్చి పో. మనిషిని నేనే తెచ్చిస్త" అన్నాడు.

తెచ్చాడు. సుజాత అని చురుకైన మనిషి. జనగామ వైపు నుంచి వచ్చింది. పిల్లల చదువుల కోసం సిటీకి చేరిన కుటుంబం. చేతిలో పని ఉంది, నోట్లో మాట లేదు. నాకు తెలిసినదంతా చెప్పాను. గంజి ఎప్పుడు వార్చాలో, ఇంత పప్పుకు ఎంత నీళ్లో, బట్టీ మంట తగ్గించకుండా పెద్ద గంజు గిన్నెను పక్కకు జరిపి ఎలా అదుపు చేయాలో. "రేపు గంటె నీకిస్త" అన్న మర్నాడు ఆమె రాలేదు.

"ఊరికి పోయిందట అక్కా. వీళ్లింతే. నిలువరు."

ఇంకొకామెను తెచ్చాడు. నేర్పాను. సరిగ్గా గంటె ఇచ్చే సమయానికి ఆమె కూడా మాయం. మూడో ఆమె కూడా అంతే. ఇప్పటి ఆడవాళ్లకు ఓపిక లేదని నేను మంగమ్మతో తిట్టాను. మంగమ్మ ఉల్లిగడ్డ కోస్తూ, "నీ చేతికింద ఎవరు నిలుస్తరక్కా, అది బాలమణి బట్టీ" అంది. పొగిడిందో పొడిచిందో తెలియలేదు. అప్పుడు పొగడ్త అనుకుని ఊరుకున్నాను.

దసరా వచ్చింది, పోయింది. ములిగీలో జిరాక్స్ మిషన్ దిగింది. అండాలు ఇంటికి వచ్చి నిలబడే మాట్లాడింది, కూర్చోలేదు.

"ఆ మెస్సును లగ్గం చేసుకున్నవా వదినా? ఇడిచిపెట్టవెందుకు? నా ములిగీ పోయింది. ఇప్పుడు సంబురమేనా?"

 గంటె తీసుకునే మనిషి లేడని చెబితే ఆమె నన్ను కొట్టేది.

బస్టాప్

తార్నాక బస్టాప్‌లో సుజాత కనబడింది. ఊరికి పోయిందన్న సుజాత. చేతిలో కూరగాయల సంచి, పైన ఏదో ప్రైవేటు హాస్టల్ ఏప్రాన్. నన్ను చూసి మొహం తిప్పుకుంది. నేనే వెళ్లి భుజం పట్టుకున్నాను.

"ఊరికి పోయినవంట గద."

"నేనెందుకు పోతనక్కా ఊరికి? నువ్వే కద నన్ను వద్దన్నవ్."

"నేనా?"

"సార్ చెప్పిండు. నీ చేతికి పని రాదన్నదట బాలమణి, గంటె ఇయ్యనన్నదట అని. నాకు మస్తు ఏడుపొచ్చింది. పాపం సారే, బాధపడకు అని వాళ్ల బామ్మర్ది హాస్టల్ల పెట్టిచ్చిండు, కాచిగూడల. నీ తాన నేర్చుకున్న ఇంకొకామె ముషీరాబాద్ బ్రాంచిల ఉన్నది. ఆమెకు గూడ నువ్వే వద్దన్నవంట."

బస్సు వచ్చింది, ఆమె ఎక్కలేదు. నా మొహం చూసి ఆగిపోయింది.

"అక్కా, నువ్వు అనలేదా?"

అప్పుడు అర్థమైంది నాకు. అతను నన్ను ఆపింది నేను లేకపోతే మెస్ నడవదని కాదు. నా బట్టీ దగ్గర వంటవాళ్లు తయారవుతున్నారు, వాళ్లను బామ్మర్ది హాస్టళ్లకు పంపుకుంటున్నాడు. బట్టీ మాది, నేర్పే నోరు నాది, పేరు అతనిది. అది కూడా సహించేదాన్నేమో. కానీ వాళ్లు నన్ను పొగరుబోతును చేసుకుని, నా మీద ఏడుస్తూ పోయేలా చేశాడు. నేను వాళ్లను తిట్టుకునేలా చేశాడు. ఆడవాళ్ల మధ్య ఇలా నిప్పు పెట్టేవాళ్లు చాలామంది ఉంటారు, పని జాగాల్లో ఇంకా ఎక్కువ. ఒక ఆడమనిషి మీ గురించి చెడ్డగా అందని పైవాడు చెబితే, నమ్మే ముందు వెళ్లి ఆమెనే అడగండి. నేను అడగలేదు. సుజాతా అడగలేదు. అంతవరకే అతనికి కావాలి.

మర్నాడు పొద్దున్నే అతని టేబుల్ ముందు నిలబడ్డాను.

"సుజాత కలిసింది సార్."

 నవ్వాడు. "మంచిదే గద అక్కా. సిటీల నాలుగు దిక్కుల నీ శిష్యులే ఉన్నరు. ఖుష్ గావాలె నువ్వు."

"నన్ను ఇడిచిపెట్టు సార్."

"ఇప్పుడెక్కడికి పోతవక్కా? దసరా అయిపోయింది గద."

ములిగీ సంగతి నేను అతనికి ఎప్పుడూ చెప్పలేదు. అంటే ఎవరినో అడిగి తెలుసుకున్నాడు, తెలుసుకుని దసరా దాటించాడు.  అతనే మళ్లీ అందుకున్నాడు. "పోతానంటె పో. నేను కాళ్లు కట్టెయ్యలే. గంటె ఎవరి చేతుల వెడతవో అది చూస్కో. అన్నం మీద అలిగిపోయిందని రేపు నలుగురు అనొద్దు నిన్ను."

జీతం కాగితాలూ పీఎఫ్ సంగతీ తర్వాత శ్రావణి చూసింది. వాటితో అతను నన్ను కట్టలేదు. కట్టింది మా గంటెతోనే.

బౌద్ధనగర్

యాదగిరి మాస్టర్ కూతురింట్లో, బౌద్ధనగర్‌లో ఉంటున్నాడని తెలుసు. సెలవు పెట్టి వెళ్లాను. వాకిట్లో కుర్చీ వేసుకుని, లోపల ఉడుకుతున్న దేన్నో వాసన చూసి కూతురిని తిడుతున్నాడు. "కారం మాడుతుంది చూడు, చెవులు లేవా నీకు?" అని. కారానికి చెవులెందుకో ఆయనకే తెలియాలి.

కూర్చుని అంతా చెప్పాను. చెప్పి, "గంటె ఎవరికీ ఇయ్యకుండ కింద వెట్టి పోతె ఏమైతది మాస్టర్?" అని అడిగాను.

"ఏ గంటె?"

"పప్పు గంటె. నువ్వు నా చేతుల వెట్టినవ్ గద. మన రివాజు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"గా గంటెనా? అరే పిచ్చిదానా. గప్పటి కాంట్రాక్టరోడు నన్ను పోనియ్యలే. మనిషిని చూపెట్టు, గప్పుడు పో అని ఏడాది తిప్పిండు. ఆ దినం నువ్వు పక్కన నిలబడ్డవ్. నీ చేతుల వెట్టి, ఇగో మనిషి అని చెప్పి బస్సెక్కిన. వెనక్కి మర్రి చూడలే."

"అందరం రివాజు అనుకున్నం."

"రివాజెక్కడిది? అది నా తొందర బిడ్డా."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు నవ్వు రాలేదు. ఒక కాంట్రాక్టరు పోనివ్వకపోతే ఒక వంటవాడు వేసిన ఎత్తు అది. దాన్ని మేము దేవుడి మాటలా మోసుకొచ్చాం. ఇప్పటి మేనేజరు దాన్నే తీసి నా మెడకు కట్టాడు. మధ్యలో పోయింది అండాలు ములిగీ.

ఆ రోజు

మర్నాడు ఎప్పటిలాగే వెళ్లాను. పిల్లలను పస్తు పెట్టి పోయే మనిషిని కాదు. దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు, చారు చేశాను. వడ్డన అంతా అయింది. గంటె కడిగాను, తుడిచాను. మంగమ్మ కత్తిపీట ఆపి నన్నే చూస్తోంది.

నర్సింగరావు తలుపు దగ్గర తన టేబుల్ వెనక కూర్చున్నాడు. పిల్లలు కంచాలు తొట్టిలో వేసి బయటికి పోతున్నారు. గంటెను అద్దం మీద, నా ఉత్తరం పైన పెట్టాను.

కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "ఏందక్కా ఇది? గీడెందుకు వెట్టినవ్?"

"పోతున్న సార్."

"ఎవరికిచ్చినవ్?"

"ఎవరికియ్యలే. కింద వెట్టిన."

"అన్నం మీద అలిగి పోతవా?"

"అన్నం మీద అలుగుతలేను. నీ మీద."

చుట్టూ పిల్లలు ఆగిపోయారు. అతను గంటెను పక్కకు తీయడానికి చేయి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. నన్ను బెదిరించడానికి వాడుకున్నాడు కానీ, తాకడానికి అతనికీ భయమే. చేతులు తొడ మీద పెట్టుకుని కూర్చున్నాడు. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. తార్నాకలో అండాలు ఇంటి దాకా నడిచే వచ్చాను.

పప్పు

మర్నాడు శ్రావణి అండాలు ఇంటికి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. అండాలు ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు, కానీ టీ పెట్టింది.

నాకు ఒక్కటే తెలుసుకోవాలని ఉంది. "రాత్రి పిల్లలు తిన్నరా? పప్పు ఎవరు చేసిండ్రు?"

"మంగమ్మ ఆంటీ చేశారండీ. మేనేజర్ గారు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే, ఆవిడే వచ్చి టేబుల్ మీంచి గరిటె తీసుకుని లోపలికి వెళ్లిపోయారు."

"ఎట్లున్నది?"

ఆ పిల్ల నా మొహం చూసి కాస్త తటపటాయించింది. "బాగానే ఉంది ఆంటీ. కొంచెం ఉప్పు తక్కువ, అంతే."

అండాలు గ్లాసు కింద పెట్టి మొదటిసారి నవ్వింది. "గింతేనా వదినా? గీ పప్పు కోసమా నా ములిగీ పోగొట్టినవ్?"

తర్వాత మంగమ్మను అడిగాను, బట్టీ పని ఎప్పుడు నేర్చుకున్నావని. "నీ పక్కనే కూసున్న గదక్కా ఇన్నేండ్లు. నన్నెవరన్న అడిగిండ్రా?" అంది.

అండాలూ నేనూ గల్లీ లోపల, జనం తిరగని చోట ఒక గది తీసుకున్నాం. ముందటి ములిగీ ముందు నుంచి పోయే జనంలో సగం కూడా మా దాకా రాలేదు. అయినా నా మోకాళ్లు పూర్తిగా పోయేదాకా ఇద్దరం నడిపాం. ఇప్పుడు అండాలు ఒక్కతే కూర్చుంటోంది, నేను ఇంట్లో ఉండి ఇది రాస్తున్నాను. ఆ జిరాక్స్ షాపు ముందు నుంచి ఎప్పుడు నడిచినా నాకు కోపం వస్తుంది. రావాలి కూడా.

మీరు పోతే పిల్లలు పస్తుంటారని చెబుతారు. ఉండరు. పోయిన రోజు రాత్రే ఎవరో ఒకరు పప్పు చేస్తారు, అది బాగానే ఉంటుంది. కొంచెం ఉప్పు తక్కువ కావచ్చు. అందుకు మీ దసరా ఇవ్వకండి.